పంతొమ్మిదో పెట్టె

9 ఫిబ్రవరి 1986, ఆదివారం

బావను తాంబరం క్షయ ఆసుపత్రిలో చేర్చి తిరుత్తణి వచ్చేసరికి సాయంత్రం ఐదు దాటింది. ఆరు నెలలు అన్నారు. ఎక్కువైనా కావచ్చు అన్నారు. అక్క కాళ్ళకు నీళ్ళిచ్చి లోపలికి పోయింది.

రైల్లో బావ నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని దారి పొడుగునా తేనె పెట్టెల గురించే చెప్పాడు. ఊపిరి చాలని మనిషి అన్ని మాటలు ఎక్కడ దాచుకున్నాడో.

"ఆదివారం ఆదివారం గంధకం ఏసేది మరిసిపోవద్దు నటరాజూ. ఇరవై పెట్టెలకీ. చట్రాల నెత్తిన చిటికెడు చిటికెడు. ఎక్కువేస్తే పిల్లలు చస్తాయి, తక్కువేస్తే నల్లి చావదు."

"సరి బావా."

"పదారో పెట్టె జాగర్త. దాన్ని పంజాబు నించి ఒళ్ళో పెట్టుకోని వచ్చినా."

"తెలుసు బావా."

"పంతొమ్మిదిలో రాణి మంచిది గాదు. ఆ పెట్టె ఈగలు ఊరికే కుడతాయి, తేనె జూస్తే సగమే. వేప పూత అయినాక ఆ రాణిని నలిపేసి వేరేది పెట్టు."

బావ మగ్గం అమ్మి ఆ సీమ ఈగలను తెచ్చినప్పుడు ఊరంతా నవ్వింది. రెండేళ్ళలో నవ్వినవాళ్ళే సీసాలు పట్టుకుని తేనెకు వచ్చారు. పోయిన ఏడు వచ్చింది ఈ నల్లి. ఆవగింజలో సగం ఉంటుంది, చింతపిక్క రంగు. ఈగ నడుముకు అతుక్కుని పీలుస్తుంది, మూతేసిన గదుల్లో దూరి పిల్లల మీద పిల్లల్ని పెడుతుంది. రెక్కలు ముడుచుకుపోయిన ఈగలు పెట్టె ముందు నేల మీద పాకుతుంటే బావ వాటిని చేత్తో ఏరేవాడు. ఏరుతూ దగ్గేవాడు.

16 ఫిబ్రవరి

సైకిలు మీద కండిగై పోయాను. ఏళుమలై అనే ముసలాయన మామిడితోటలో బావ పెట్టెలు మూడు వరసలు. ఏడు, ఏడు, ఆరు. గంధకం పలచటి గుడ్డలో మూటకట్టి విదిలించాను. ఇరవై పెట్టెలకీ వేశాను. నాలుగు చోట్ల కుట్టాయి. మూడు పంతొమ్మిదో పెట్టెవే.

23 ఫిబ్రవరి

పద్నాలుగు పెట్టెలయ్యేసరికి గాలి లేచింది. పొడి నా కళ్ళలోకే కొడుతోంది. మూటలోనూ అడుగంటింది. కడపటి వరస మిగిలిపోయింది. రేపు వేస్తాను.

24 ఫిబ్రవరి

నేత సొసైటీలో సరుకు తనిఖీ. తోటకు పోలేదు.

2 మార్చి, ఆదివారం

గంధకం తీసుకునే పోయాను. వేద్దామనే పోయాను.

ఒక్కో పెట్టె అడుగున బావ ఆముదం రాసిన తెల్లకాగితం పరిచి, దాని మీద దోమతెర గుడ్డ బిగించి పెట్టాడు. రాలిన నల్లులు అంటుకుంటాయి, లెక్క చూడొచ్చు. కడపటి వరసలో మందు పడలేదు గదా, ఎన్ని రాలాయో చూద్దామని కాగితాలు లాగాను. జేబులో సొసైటీ భూతద్దం ఉంది, బట్టలో పోగులు లెక్కపెట్టేది. దాన్ని పెట్టి చూశాను.

పదిహేను నుంచి పద్దెనిమిది దాకా విశేషం లేదు. రాలినవి కొద్ది, ఉన్నవి నిండు నల్లులు. ఇరవైలోనూ అంతే. పంతొమ్మిదో పెట్టె కాగితం మీద మాత్రం ముప్ఫై ఎనిమిది. వాటిలో పంతొమ్మిదింటికి కాళ్ళు లేవు. కొన్నిటికి ఒక పక్క కాళ్ళు మొత్తం పోయాయి. కొన్నిటికి వీపు సొట్ట. ఎవరో కొరికినట్టు.

ఎవరు కొరుకుతారు? మూడుసార్లు లెక్కపెట్టాను.

మందు వేస్తే ఏది మందుతో రాలిందో, ఏది కొరికితే రాలిందో తెలియదు. అందుకని ఆ ఆరు పెట్టెలకూ ఇవాళ వేయలేదు. ఒక్క వారమే.

4 మార్చి

బావకు కార్డు రాశాను. 'ఇరవై పెట్టెలకూ మందు పడుతోంది. ఆరోగ్యం చూసుకోండి.' వచ్చే ఆదివారం ఎటూ వేస్తాను గనక ఇది అబద్ధం కిందికి రాదు.

9 మార్చి

ఏళుమలైని అడిగాను. ఆయనకు డెబ్బై ఉంటాయి. బావ ఇచ్చిన పాత పెట్టెలో రాతి సందుల నుంచి పట్టుకొచ్చిన నాటు ఈగల్ని పెట్టుకున్నాడు.

"మీ నాటు ఈగలకి నల్లి లేదా అయ్యా?"

"ఎందుకు లేదు తంబీ? శానా ఉండాది."

"మరి చావవే?"

"నల్లి అంటుకుంటాది, ఈగ పీకి పారేస్తాది. మా తాత కాలం నించి ఇదే తగాదా. దాయాది పాలివోళ్ళ మాదిరి. నీ సీమ ఈగకి ఇది కొత్త. దానికేం దెలుసు పాపం!"

పెట్టె తెరిచి చట్రం నా కళ్ళ ముందు పట్టాడు. కాసేపటికి కనిపించింది. ఒక ఈగ నిలబడ్డచోటే ఒళ్ళు విదిలిస్తోంది, అటూ ఇటూ ఊగుతోంది. పక్కనున్నది వచ్చి దాని నడుము వెతికింది. ఇంకొకటి వచ్చింది. రెక్క ఎత్తి, కింద దూరి, నోటితో పట్టి లాగింది. ఎర్రటి చుక్క ఒకటి కింద పడింది. నిమిషం కూడా పట్టలేదు.

ఇంకొకటి చూపించాడు. కూలి ఈగలు పెరిగే గదుల్లో నల్లి పిల్లలే లేవు. పెద్ద గదులు, పోతుటీగలవి, అంటే మగ ఈగలవి, వాటిలోనే ఉన్నాయి. వాటిలోనూ పిల్ల బతకలేకపోతే ఈగలు ఆ గది మూత తీయవు, మైనం మెత్తి వదిలేస్తాయి. లోపలి నల్లి లోపలే పోతుంది.

తిరిగి వస్తూ కండిగై బస్టాండు దగ్గర సైకిలు దిగి చాలాసేపు నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో తెలియదు.

కడపటి వరసకు ఇవాళ కూడా వేయలేదు.

16 మార్చి

పంతొమ్మిదిలో చూశాను. నా కళ్ళతో చూశాను. ఒక సీమ ఈగ నాటు ఈగ మాదిరే ఒళ్ళు విదిలించింది, ఇంకొకటి వచ్చి వెతికింది. నాటు ఈగలంత చురుకు లేదు. పదిసార్లకు రెండుసార్లు దొరుకుతుందేమో. కానీ వెతికింది.

మూతేసిన గదులు కొన్ని కొరికి తెరిచి ఉన్నాయి. ఓ ఈగ లోపలి పిల్లను బయటికి లాగుతోంది. తెల్లటి పిల్ల, దాని మీద రెండు నల్లులు. లాక్కొచ్చి గుమ్మం బయట పడేసింది. మొదట అసహ్యమేసింది. తర్వాత అర్థమైంది. ఏ గదిలో నల్లి ఉందో ఆ గదినే తెరుస్తున్నాయి. వాటికి తెలుస్తోంది.

ఎవరూ నేర్పలేదు. నాటు ఈగలతో వీటికి పొత్తు లేదు. ఈ సీమ ఈగల జాతిలో ఎక్కడో ఒక గుణం ఉండి, అవసరం వచ్చినప్పుడు బయటపడినట్టుంది. మందు వేసి ఉంటే అది ఉన్నదో లేదో కూడా తెలిసేది కాదు. మందు కింద మంచీ చెడ్డా ఒక్కటే, అన్నీ బతుకుతాయి.

ఈ రోజు అన్నం సయించలేదు. సంతోషంతోనే.

6 ఏప్రిల్

బావ ఉత్తరం. వేప పూత ఎలా ఉంది, పదహారులో ఎన్ని చట్రాలు నిండాయి, పంతొమ్మిది రాణిని ఎప్పుడు మారుస్తున్నావు. కింద ఒక వాక్యం: 'ఇక్కడ పొద్దున్నే మందు మింగించి నోరు తెరిపించి చూస్తారు. ఒక్కపూట తప్పినా జబ్బు మొండికేస్తుందంట. నీవూ అట్లే చూసుకో.'

పూత బాగుంది. పదహారు నిండింది. అది మాత్రం నిజమే రాశాను.

20 ఏప్రిల్

ఆరు పెట్టెల్లో ఒక్కటైనా పంతొమ్మిది దారి పడుతుందని చూస్తున్నాను. పదిహేడులో కాళ్ళు తెగిన నల్లులు నాలుగు. మిగతావాటిలో లేవు. నల్లి మాత్రం పెరుగుతోంది.

ఇప్పుడు వేస్తే ఇన్నాళ్ళు చూసింది వృథా.

11 మే

పంతొమ్మిది రాణిని వేలి మీదికి తీసుకున్నాను. పొడుగ్గా, నల్లగా ఉంది. బావ చెప్పినట్టు నలపాలి. మళ్ళీ చట్రం మీదే వదిలేశాను. చెయ్యంతా కుట్టాయి.

12 మే

చెయ్యి వాచింది. సొసైటీలో పెన్సిలు పట్టుకోలేకపోయాను. ఒక నేతగాడు తెచ్చిన చీరెలో పోగు తప్పిందని గుర్తు పెట్టలేక ఒప్పేసుకున్నాను. ఆయన నన్ను అనుమానంగా చూశాడు.

15 జూన్

ఇరవైలో ఈగలు లేవు. పిడికెడు మిగిలాయి, రాణి చుట్టూ. మూతల కింద పిల్లలు కుళ్ళాయి.

22 జూన్

ఇరవై పోయింది. పద్దెనిమిది కూడా రేపో మాపో. వీటిలో ఆ గుణం లేదు. ఉండి ఉంటే నిలబడేవి. ఇవి పోవడం వల్లే ఉన్నది ఏదో తెలుస్తుంది. ఇది నేను చేస్తున్నది కాదు.

పై వాక్యం మళ్ళీ చదివాను. కొట్టేయలేదు.

6 జూలై

అక్క అడిగింది, "తోటకి నేనూ వస్తానురా ఒకనాడు. ఆయన పెట్టెల్ని చూసి శానా నాళ్ళాయె."

"ఎండగా ఉండాదక్కా. వానలు పడనీ" అన్నాను.

అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు. అప్పటి నుంచి అక్క చేతి అన్నమే, ఇప్పుడు పక్కింట్లో ఉంటున్నా. ఇంతవరకు ఆమెతో ఇంత సులువుగా అబద్ధం ఎప్పుడూ చెప్పలేదు.

13 జూలై

పదహారు తగ్గిపోతోంది. గుమ్మం ముందు రెక్కలు లేనివి పాకుతున్నాయి. ఏరడానికి వంగాను. ఏరలేదు.

ఇవాళ గంధకం చేతిలోనే ఉంది. వేస్తే పదహారు బతికేదేమో. వేయడానికి మూత కూడా తీశాను. ఇంత ఆలస్యంగా వేస్తే ఏం లాభం అనిపించింది. ఆలస్యం చేసింది ఎవరు అని కూడా అనిపించింది. మూత పెట్టేశాను.

20 జూలై

పదహారు పోయింది.

22 జూలై

బావకు రాశాను. 'పదహారు బాగుంది. తేనె నిండుగా ఉంది.'

జబ్బు మనిషి. వింటే బెంగ పడతాడు. ఆయన కోసమే రాశాను.

27 జూలై

ఆడికృత్తిక పండగకు కొండకు కావళ్ళు మోసే జనం అప్పుడే దిగుతున్నారు. బస్సులో కాలు పెట్టే సందు లేదు. సైకిలు తొక్కి పోయాను. చచ్చిన పదహారులోకి మొదటి రెండు వరసల ఈగలు గుంపులుగా దూరి, మిగిలిన తేనె దోచుకుపోతున్నాయి. పోనీ, తేనె వృథా కాలేదు అనుకున్నాను.

17 ఆగస్టు, ఆదివారం

రాయక తప్పదు.

ఆరు నెలలుగా మందు పడిన తొమ్మిదో పెట్టె కాగితం మీద నల్లులు లెక్కకు అందలేదు. నాలుగోది కూడా అంతే. మందు వేస్తున్న పెట్టెల్లోకి ఇన్ని ఎలా వచ్చాయని ఏళుమలైని అడిగాను. ఆయన నా వైపు కాకుండా పదహారో పెట్టె వైపు చూశాడు.

"దోపిడికి పోయిన ఈగ తేనొకటే తెస్తాదా తంబీ? ఆడ ఉండే నల్లిని గూడా మోసుకొస్తాది."

ఇన్నాళ్ళు కడపటి వరస వేరు, ముందు రెండు వరసలు వేరు అనుకున్నాను. వాటి మధ్య నేను గీసిన గీత ఈగలకు లేదు.

మిగిలినవాటన్నిటికీ మందు వేశాను. పదిహేను, పదిహేడుకు కూడా. వాటిలో ఇక వేయడానికి ఏమీ లేదు, అయినా వేశాను. పంతొమ్మిది దగ్గర ఆగాను. దాని కాగితం మీద నలభై, వాటిలో సగానికి పైగా కొరికినవి. గుమ్మం ముందు పాకే ఈగ ఒక్కటీ లేదు.

వేయలేదు. ఎందుకో రాయను.

24 ఆగస్టు

అక్క వచ్చింది.

చెప్పకుండా వచ్చింది. పళ్ళిపట్టు బస్సెక్కి కండిగైలో దిగి, టిఫిన్ క్యారియర్ పట్టుకుని తోటలోకి నడిచింది. నేను తొమ్మిదో పెట్టె దగ్గర వంగి ఉన్నాను. తల ఎత్తేసరికి కడపటి వరసలో నిలబడి, ఒక్కో మూత ఎత్తి చూస్తోంది. ఇరవై. పద్దెనిమిది. పదహారు.

"ఏమయినాయిరా?"

"నల్లి అక్కా."

"మందేసినానని రాసినావే ఆయనకి? నాకు సదివి గూడా చూపించినావే?"

ఆమె ఎత్తిన మూతను తిరిగి పెట్టాను.

"ఏసినావా, లేదా?"

"ఈ వరసకి ఏయలేదక్కా. ఫిబ్రవరి నించి."

ఆమె కూర్చుంది, ఖాళీ పెట్టె మీదే. నేను చెప్పడం మొదలుపెట్టాను. అన్నీ చెప్పాను. కొరికిన కాళ్ళు, నాటు ఈగలు, గదులు తెరిచి పిల్లల్ని లాగి పారేయడం. భూతద్దం తీసి చేతికిచ్చాను. ఆమె దాన్ని పట్టుకుంది కానీ కంటి దగ్గర పెట్టుకోలేదు.

"మందు లేకుండానే తట్టుకునే ఈగ నిలబడితే, దాని బిడ్డలు గూడా అట్లే వస్తాయక్కా. అప్పుడు ఎవురికీ ఎప్పుడికీ ఈ మందే అక్కర్లేదు. కానీ దానికి ముందు నిలబడలేనివి పోవాల. అదొక్కటే దారి."

అక్క ఓపిగ్గా విన్నది. చిన్నప్పుడు నేను లెక్కలు అప్పజెబుతుంటే విన్నట్టే విన్నది.

"నీ బావ గూడా నిలబడలేనోడే గదరా. తాంబరానికి ఎందుకు తీసకపోయినావు? ఇంట్లోనే వదిలేసి చూసుండొచ్చు గదా."

భూతద్దం పెట్టె మీద పెట్టింది. క్యారియర్ అక్కడే వదిలేసి బస్సుకు వెళ్ళిపోయింది.

25 ఆగస్టు

ఈగలు వేరు, మనుషులు వేరు. ఈ మాట చెప్పి ఉండాల్సింది. ఇక్కడ పదిసార్లు రాయగలను. అక్కడ ఒక్కసారి నోరు పెగల్లేదు.

27 ఆగస్టు

అక్క అన్నం పెట్టింది. మాట్లాడలేదు.

31 ఆగస్టు

పదిహేను పోయింది. పదిహేడు పోయింది.

14 సెప్టెంబరు

తొమ్మిది పోయింది.

ఇరవై ఏళ్ళుగా నా పని తప్పులు చూడడం. నేసుకొచ్చిన బట్ట బల్ల మీద పరిచి, పోగు తెగినచోట పెన్సిలు గుర్తు పెట్టడం. నేసేది వాళ్ళు. కట్టుకునేది ఎవరో. నాది అని చెప్పడానికి ఒక్క గజం లేదు. ఆ కాళ్ళు తెగిన నల్లిని మాత్రం నేను చూశాను. నా కంటే ముందు ఈ చుట్టుపక్కల ఎవరూ చూసి ఉండరు. అది నాది కావాలనిపించింది. అందుకోసం బావ పెట్టెలు వాడుకున్నాను.

ఇదీ అసలు సంగతి. గాలి, గంధకం అడుగంటడం, ఒక్క వారం, ఇవేవీ కావు.

21 సెప్టెంబరు

నాలుగు పోయింది. పోయిన పెట్టెలు మొత్తం ఏడు. పన్నెండు మందుతో నిలిచాయి. పంతొమ్మిది ఒక్కటే మందు లేకుండా.

28 సెప్టెంబరు

తాంబరం పోవాలి.

30 సెప్టెంబరు

పోవాలి. సొసైటీలో సెలవు అడగలేదు.

5 అక్టోబరు, ఆదివారం

పోయి వచ్చాను.

బావ వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళు కొంచెం పట్టింది. బుగ్గల గుంటలు పూడాయి. దగ్గు లేదు. నన్ను చూసి నవ్వాడు. ఇంకో రెండు నెలలు ఉంచుతారట.

"చెప్పు. ఒకటీ?"

"బాగుండాది బావా."

"రెండు?"

"బాగుండాది."

"మూడు?"

బడిలో పేర్లు పిలిచినట్టు ఒక్కో నంబరు పిలిచి, ఒక్కో వేలు ముడుస్తున్నాడు. నాలుగు దగ్గర నేను ఆగాను.

"నాలుగు పోయింది బావా."

వేలు ముడవలేదు. "ఎట్ల?"

"నల్లి."

"సరి. అయిదు?"

తొమ్మిది కూడా చెప్పాను. ఆయన మొహంలో నవ్వు పోయింది కానీ ఓపిక పోలేదు. ఇరవైలో రెండు పోవడం ఆయనకు కొత్త కాదు. "పదైదు?" అన్నాడు. లేదన్నాను. "పదారు?"

నేల చూశాను.

"రేయ్. పదారు?"

"లేదు బావా."

"ఎప్పుడు?"

"జూలైలో."

"జూలైలో బాగుందని రాసినావే. తేనె నిండుగా ఉండాదని రాసినావే." పక్క మంచం మీది ముసలాయన వైపు చూశాడు. "ఈయనకి గూడా సదివి వినిపిస్తి."

మందు వేయలేదని అప్పుడు చెప్పాను. ఒకే వాక్యంలో చెప్పాను. కారణాలు చెప్పలేదు. ఆయన అడగలేదు. కాళ్ళు పైకి తీసుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. దుప్పటి కింద వీపు కదలడం చూస్తూ అరగంట కూర్చున్నాను.

"పో నటరాజూ. బండికి టైమవతాది" అన్నాడు, ఇటు తిరగకుండానే.

పంతొమ్మిది దాకా ఆయన అడగనేలేదు. నేనూ చెప్పలేదు. చెబితే అది సాకులా వినిపించేది.

19 అక్టోబరు

వాన. పెట్టెల మీద తాటాకులు కప్పి రాళ్ళు పెట్టి వచ్చాను.

16 నవంబరు

వాన. పంతొమ్మిదిలో రాణి గుడ్లు పెడుతోంది.

14 డిసెంబరు

బావ ఇంటికి వచ్చాడు. స్టేషన్‌కు నేనే పోయాను. ఆయన ట్రంకు పెట్టె నేనే మోశాను. దారిలో ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

28 డిసెంబరు

బావ తోటకు ఒక్కడే పోయాడని ఏళుమలై చెప్పాడు. పెట్టె పెట్టె దగ్గరా కూర్చుంటున్నాడట. కాగితాలు లాగి చూస్తున్నాడట. పంతొమ్మిది దగ్గర ఎక్కువసేపు కూర్చున్నాడట. నన్ను పిలవలేదు. నేను పోలేదు.

11 జనవరి 1987, ఆదివారం

పొద్దున అక్క నా వాకిట్లోకి వచ్చి, "ఆయన పిలస్తా ఉండాడు. తోటకి రమ్మన్నాడు" అంది. ఆగస్టు తర్వాత నాతో అన్న మొదటి మాట. ముగ్గురం బస్సులో పోయాం.

బావ నోటికి తువ్వాలు కట్టుకుని, గంధకం మూట చేత్తో పట్టుకుని ఒకటో పెట్టె నుంచి మొదలుపెట్టాడు. నేను మూతలు ఎత్తాను. చిటికెడు చిటికెడు. పన్నెండు పెట్టెలయ్యాయి. పంతొమ్మిది దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. అక్క మామిడి మొదట్లో కూర్చుని చూస్తోంది.

"దీనికి గూడా ఏయలేదు గదా నువ్వు?"

"లేదు బావా. ఒక్కసారి గూడా. నువ్వు ఆస్పత్రికి పోయిన మరుసటి ఆదివారం ఏసిందే కడపటిది."

"నేను నాలుగు వారాలుగా చూస్తా ఉండా. దీని కాగితం చూస్తా ఉండా." మూట నా మొహం ముందు పట్టాడు. "చెప్పు. ఏసేదా, వొద్దా?"

పది నెలలుగా నా దగ్గర దీనికి జవాబు ఉంది. ఈ పుస్తకం నిండా ఉంది. ఎవరైనా అడిగితే గంటసేపు చెప్పగలను. కానీ ఆయన మెడ ఎముకలు కనిపిస్తున్నాయి, పక్కనే పదహారు ఉన్న చోట ఇటుకలు మాత్రం మిగిలాయి.

"ఏసెయ్యి బావా" అన్నాను.

నిజంగానే అన్నాను. ఆయన కోసం నటించలేదు.

బావ నా మొహం ముందు నుంచి మూట దించాడు.

"ఇది బతికిందంటే నువ్వు బతికించినావని గాదురా. అది కొరుక్కునింది, బతికింది. నువ్వు చేసిందల్లా మిగతా ఏడింటినీ చంపింది. రెండూ కలిపి ఒకటే పనని అనుకుంటా ఉండావు. గాదు. రెండూ వేరే."

"ఆమా, నిజమే బావా."

"నన్ను అడిగుంటే రెండు పెట్టెలు నేనే ఇచ్చుందును. దూరంగా, పళ్ళిపట్టు పక్క యాడన్నా పెట్టి చూసుకోమని. అడగలేదే నువ్వు!"

అక్క లేచి వచ్చింది కానీ దగ్గరకు రాలేదు.

బావ మూటకు ముడివేసి నడుముకు దోపుకున్నాడు. పంతొమ్మిది మూత తనే పెట్టాడు. మందు వేయలేదు.

"మార్చిలో దీని గుడ్లు తీసి మూడులో పెట్టి రాణిని చేస్తాం. చూద్దాం, బిడ్డకి వస్తాదో రాదో. పోతుటీగలు యాడివో ఏమో, రాణి వాటితో కలిసేది ఆకాశంలో. మన చేతిలో ఏముంది? మూడుకి నేను మందేసేది లేనిది ఆ కాగితం చూసినాక చెప్తా. కాగితం నువ్వే చూడాల. నీ కన్ను మంచిది. ఉండేది ఉన్నట్టు చెప్పు. అంతే."

22 ఫిబ్రవరి

మామిడి పూత. అక్క ఇవాళ వడ్డిస్తూ, "ఇంకొంచెం ఏసుకో" అంది.

29 మార్చి

మూడో పెట్టెలోని పాత రాణిని తీసేశాం. పంతొమ్మిదో పెట్టె గుడ్లున్న చట్రం పెట్టాం. బావకు చట్రం ఎత్తే బలం ఇంకా లేదు. ఆ చివర ఆయన, ఈ చివర నేను పట్టుకున్నాం. పంతొమ్మిదో పెట్టె ఈగలు ఇద్దరినీ కుట్టాయి. బావ తిట్టిన తిట్లకు ఏళుమలై నవ్వాడు.

24 మే

కొత్త రాణి పిల్లలు మూడోదాని నిండా ఉన్నాయి. పాత రాణి ఈగలు వయసు తీరి దాదాపు పోయాయి. కొత్త కాగితం పరిచాం. వచ్చే ఆదివారం చూడాలి.

27 మే

ఆదివారం ఇంకా రాలేదు. సొసైటీలో ఒకే చీరెను రెండుసార్లు చూశాను.

31 మే, ఆదివారం

బావ, అక్క, నేను. బావ పెట్టె పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. కాగితం లాగి ఎండలోకి తెచ్చి భూతద్దం పెట్టాను. నలభై రెండు నల్లులు. కాగితం ఒక అంచు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. కాళ్ళు ఉన్నవి, ఉన్నవి, ఉన్నవి. మధ్యలో ఒకటి దొరికింది, ఎడమ పక్క కాళ్ళు లేవు. ఇంకా చూశాను. చివర్లో ఇంకొకటి.

ఇంకో రెండు మూడు అనుమానంగా ఉన్నాయి. ఆముదంలో ముడుచుకుపోయాయి. కాళ్ళు కింద ఉన్నాయో తెగాయో చెప్పలేం. కొరికినవే అనుకోవచ్చు. అనుకుంటే ఐదు. పది అని చెప్పినా ఎవరూ మళ్ళీ లెక్కపెట్టరు. అక్కకు కన్ను ఆనదు. బావ నా నోటి వైపే చూస్తున్నాడు. ఆయనకు కూడా ఆశగానే ఉందని అప్పుడు తెలిసింది.

సూది మొనతో ఆ మూడింటినీ తిప్పి చూశాను. కాళ్ళు ఉన్నాయి.

"ఎన్నిరా?" అన్నాడు.

"నలభై రెండు బావా."

"కొరికినవి?"

"రెండు."

బావ తలూపాడు. నడుములోంచి గంధకం మూట తీసి నా చేతికిచ్చాడు. నేను మూత ఎత్తి, మూడో పెట్టె చట్రాల మీద చిటికెడు చిటికెడు వేశాను.